బెత్తెడు తోక

పర్లాకిమిడిలో ఆషాఢం వచ్చిందని పంచాంగం చెప్పక్కర్లేదు. రథానికి చక్రాలు బిగించే సుత్తి చప్పుడు ఒక పక్క, కిర్రు కిర్రుమని బూర, అదే బెలూన్, కూత ఇంకో పక్క వినబడితే చాలు, గుంటలకు, అంటే పిల్లలకు, కాళ్ళు ఇంట్లో నిలిచేవి కావు. బూరలమ్మే మనిషి నోరు తెరిచి అరవడం అరుదు. అతని గొంతంతా చూపుడు వేలిలో ఉండేది. వేలిని నాలుక మీద అద్ది, నిండు బూర పొట్ట మీద రాసేవాడు. తడి వేలు రబ్బరును కాస్త లాక్కుపోతుంది, జారిపోతుంది, మళ్ళీ పట్టుకుంటుంది. ఈ పట్టు, జారు ఆట సెకనుకు వందలసార్లు జరిగితే వచ్చేదే ఆ కూత. బిర్రుగా నింపిన బూర సన్నగా కూస్తుంది, గాలి తగ్గినది బొంగురుగా మూలుగుతుంది. అందుకని కూతకోసం ఒక బూరను మిగతావాటికన్నా బిగువుగా నింపి విడిగా ఉంచుకునేవాడు. అది అమ్మకానిది కాదు. నేలమీద పడి దొర్లి ఏడ్చినా ఇచ్చేవాడు కాదు.

1936 ఏప్రిల్ 1న ఒడిశా విడి రాష్ట్రమైనప్పుడు పర్లాకిమిడి అటు వెళ్ళింది, పక్కనే ఉన్న పాతపట్నం ఇటు ఉండిపోయింది. బూరల వాళ్ళకు ఆ గీతతో పని పడలేదు. నౌపడాలో చిన్న రైలెక్కి మూటతో దిగేవారు. 1900 నుంచి పర్లాకిమిడికి, 1931 నుంచి గుణుపురం దాకా నడిచి, 2004లో ఆగిపోయిన ఆ చిన్న పట్టాల రైలు సంగతి వేరే చెప్పుకోవాలి. ఇక్కడికి కావలసింది ఒక్కటే. ఆ రైలు పెట్టెలో ఊదిన బూరలు పట్టవు, ఊదనివి వెయ్యి ఒక చేతిసంచిలో పడతాయి. ఏ జాతరకైనా ఖాళీ చేతులతో వచ్చి, అక్కడి గాలినే సరుకుగా అమ్మి వెళ్ళిపోగల వ్యాపారం ఇదొక్కటే. రెండేళ్ళకోసారి చైత్రంలో బరంపురం ఠాకురాణి యాత్ర, ఆషాఢంలో రథయాత్ర రోజైన గుండిచా, తిరుగు రథం రోజైన బాహుడా, దసరాకి జయపురం. ఊళ్ళు మారేవి, వేలి కూత మారేది కాదు.

అతని భుజాన ఒక వెదురు గెడ ఉండేది. దాని కొసన గడ్డి కట్ట చుట్టి, ఆ గడ్డిలోకి పుల్లలు గుచ్చేవాడు. గడ్డి చుట్టూ గుడ్డ బిగించకపోతే ఎండుగడ్డి మొన తగిలి బూర ఠప్పుమంటుంది. కొత్తగా వచ్చినవాళ్ళు మొదటి రోజు తినే దెబ్బ ఇది. గెడ మీద ఏమేం ఉండేవో ఇప్పటికీ వరసగా చెప్పేవాళ్ళు ఊళ్ళో ఉన్నారు. లోపల నాలుగు ఆవాలు వేసి ఊదిన గలగల బూర. మూతికి వెదురు పీక బిగించిన పీపీ బూర, గాలి తీసేటప్పుడు ఊరంతా వినబడేలా ఏడుస్తుంది. అట్టముక్కతో రెండు పాదాలు కత్తిరించి, మధ్యలో చీలికలోంచి ముడి లాగితే ఎటు విసిరినా నిటారుగా నిలబడే బొమ్మ బూర. ముడిని వేలితో లోపలికి నెట్టి, అడుగు నుంచి పట్టుకుని దారం చుట్టేస్తే యాపిలు. చిన్న బూరలో రెండు గుక్కల నీళ్ళు, కాస్త గాలి పట్టించి, సాగే దారానికి కట్టిన చేతి బంతి. ఇది అన్నిటికన్నా చవక, అన్నిటికన్నా ముందు పగిలేది. మధ్యలో పొడుగు బూరను రింగు చేసి, అందులో చిలకను కూర్చోబెట్టిన ఉయ్యాల. గెడకు అదే కిరీటం. దాన్ని కొనేవాళ్ళు తక్కువ, చూసి ఆగేవాళ్ళు ఎక్కువ. ఆగినవాళ్ళకు గలగల బూర అమ్మేవాడు.

ఆ చిలకే తరవాతి కథకంతటికీ మూలం. పొడుగు బూరను మెలి తిప్పి బొమ్మలు చెయ్యడం అన్న విద్య మనకు పుట్టినరోజు పార్టీలతో వచ్చిందని చాలామంది అనుకుంటారు. గెడ మీది చిలక అంతకు ముందే మెలికలు తిరిగి కూర్చుంది.

సంచిలో బూరలు తెల్లటి పొడిలో దొర్లుతూ ఉండేవి. ఆ పొడి లేకపోతే రబ్బరు రబ్బరుకు అంటుకుంటుంది, ఆషాఢపు తేమలో మరీను. ఈ ఉపాయం బూర పుట్టుకంత పాతది. 1824లో మైకేల్ ఫారడే లండనులో హైడ్రోజన్ ప్రయోగాల కోసం మొదటి రబ్బరు బుడగ చేసినప్పుడు, రెండు రబ్బరు రేకులను ఒకదాని మీద ఒకటి పెట్టి అంచులు నొక్కి అతికించాడు. లోపలి ముఖాలు అంటుకోకుండా పిండి చల్లాడు. అచ్చును రబ్బరు పాలలో ముంచి తీసే పద్ధతి తరవాతిది. మన చిన్న రైలు గుణుపురం చేరిన 1931లోనే అమెరికాలో నీల్ టిలట్సన్ అనే ఆయన అట్టను పిల్లి తలలా కత్తిరించి, రబ్బరు పాలలో ముంచి, ఆరాక ఒలిచి ఊదాడు. చెవులతో సహా ఉబ్బింది. ఇప్పుడు మన చేతిలో ఉన్న ప్రతి బూరా ఆ ముంచుడు సంతతే. మూతి అంచు చుట్టుకుని దళసరిగా ఉండటం, కొస మొన కాస్త నల్లగా కనబడటం అన్నీ అచ్చు మీద పాలు కారి చేరడం వల్ల వచ్చేవే.

మెలికలకు పనికొచ్చే సన్నబూర పేరు ఒక అంకె. టూ సిక్స్టీ. మంత్రం ఏమీ కాదు, కొలతే. నిండితే 2 అంగుళాల లావు, 60 అంగుళాల పొడవు. వన్ సిక్స్టీ అంటే ఒక అంగుళం లావు, అదే పొడవు. త్రీ ఫిఫ్టీ అంటే 3 అంగుళాల లావు, 50 పొడవు. వన్ సిక్స్టీ కోతి చేతులకీ ఆకుల ఈనెలకీ బావుంటుంది, కొత్త చేతికి మాత్రం శత్రువు. క్వాలటెక్స్ అమెరికాది, సెంపర్టెక్స్ కొలంబియాది. ఈ రెండూ చెయ్యి తిరిగినవాళ్ళు కొనే పాకెట్లు. మన బజారు చవక పాకెట్లలో చిక్కు ధర కాదు, ఒకే పాకెట్లో ఒకటి పొడుగు, ఒకటి పొట్టి, ఒకటి మూతి దగ్గర పలచన. నేర్చుకునే రోజుల్లో ఇది చాలా మోసం చేస్తుంది. బూర పగిలితే తప్పు వేలిదో రబ్బరుదో తెలియదు. అందుకని నేర్చుకునేటప్పుడే మంచి పాకెట్ కొనాలి, చెయ్యి తిరిగాక చవకది కొన్నా నడుస్తుంది. అందరూ దీన్ని తిరగేసి చేస్తారు.

దీన్ని నోటితో ఊదటం వీరత్వం, వద్దు. గుండ్రటి బూరలు రోజంతా ఊదిన దవడలే దీని దగ్గర ఓడిపోయేవి. కారణం ఉంది. గొట్టం ఎంత సన్నగా ఉంటే దాన్ని మొదట తెరవడానికి అంత ఒత్తిడి కావాలి. ఒక్కసారి మూతి దగ్గర బుడగ లేచిందా, ఇక ఆ బుడగే పాములా ముందుకు పాకుతుంది, ఒత్తిడి పెద్దగా పెరగదు. పంపుతో కొట్టేటప్పుడు కళ్ళెదుట చూడొచ్చు. నిండిన భాగం పూర్తి లావు, నిండని భాగం పూర్తి సన్నం, మధ్యలో భుజంలా ఒక వంపు. ఆ భుజం కొస వైపు జరుగుతూ పోతుంది. మొత్తం నిండితే మూడు లీటర్ల గాలి. సైకిల్ పంపుకి బాల్‌పెన్ను గొట్టం తగిలించి కొట్టిన కాలం ఒకటుంది. బూర నిండేలోగా గుంటడు పెద్దవాడైపోయేవాడు. లాగినా నెట్టినా గాలి పోసే ప్లాస్టిక్ చేతిపంపు వచ్చాక ఐదారు రాకపోకల్లో పని అయిపోయింది. పంపు మూతికి బూర ఎక్కించాక వేళ్ళతో అంచు పట్టి ఉంచాలి. లేకపోతే జారి, పక్కన నిలబడ్డ పెద్దాయన కళ్ళద్దాల మీద వాలుతుంది. పంపు లోపల రబ్బరు వాషరుకి నూనె రాయకూడదు, ఆ నూనె ఆవిరిగానో తుంపరగానో బూరలోకి వెళ్ళి లోపల నుంచి తినేస్తుంది.

ఇక తోక. విద్యంతా అక్కడే ఉంది.

బూరను పూర్తిగా నింపితే మెలిక తిరగదు. తిరిగినా పగులుతుంది. ప్రతి మెలిక దగ్గరా రబ్బరు నలిగి, అక్కడున్న గాలి పక్కకు తప్పుకోవాలి. తప్పుకోవడానికి చోటుండాలి. ఆ చోటే చివర నిండకుండా వదిలే సన్నటి తోక. మెలికలు పెరిగే కొద్దీ గాలి కొసకు నడిచి తోకను తింటూ వస్తుంది. కాబట్టి ఎంత తోక వదలాలన్నది చెయ్యబోయే బొమ్మలో ఎన్ని మెలికలున్నాయో లెక్కపెట్టి చెప్పాలి. కత్తికి రెండు వేళ్ళు. కుక్కకు బెత్తెడు, అంటే నాలుగు వేళ్ళ వెడల్పు. ముక్కూ చెవులూ వేళ్ళూ ఉన్న కోతికి జానెడు. పూవుకు ఒక అంగుళం చాలు. స్కేలు అక్కర్లేదు, మన కొలతలు చేతి మీదే ఉన్నాయి. పొడుగు వేళ్ళవాడికి కుక్క కాస్త పెద్దది పుడుతుంది, అంతే.

ముడి వేసే ముందు ఇంకో చిన్న పని. పంపు నుంచి తీశాక మూతి దగ్గర వేళ్ళు కాస్త సడలించి, ఒక్క ఉస్సుమనేంత గాలి వదలాలి. పాలు తాగిన పిల్లను భుజాన వేసుకుని తేన్పించినట్టు. అప్పుడు మూతి పక్కనున్న మొదటి బెత్తెడు మెత్తబడుతుంది, ముక్కు బుడగ సులువుగా తిరుగుతుంది. దీన్ని వదిలేసినవాళ్ళ కుక్కలు ముక్కు దగ్గరే పగులుతాయి. ముడికి మూతిని లాగి చూపుడు, మధ్య వేళ్ళ చుట్టూ తిప్పి, ఆ రెండు వేళ్ళ సందులోంచి కొసను దూర్చి, వేళ్ళను బయటికి లాగాలి. వంద బూరలు కట్టేసరికి చూపుడు వేలు పక్కన చర్మం లేస్తుంది. అనుభవం ఉన్నవాళ్ళు ఆ వేలికి ముందే గుడ్డ ప్లాస్టరు చుట్టుకుని వస్తారు.

ఇప్పుడు కుక్క. ముడి ఉన్న వైపు నుంచే మొదలు, తోక ఉన్న వైపు నుంచి కాదు. కొత్తవాళ్ళలో సగం మంది ఇక్కడే తిరగబడతారు, గాలి పోవడానికి దారి మూసేసుకుంటారు. ముడి నుంచి బెత్తెడు కొలిచి, అక్కడ రెండు వేళ్ళతో పిసికి, పిసికిన చోటే మూడు చుట్లు తిప్పాలి. పిసక్కుండా తిప్పితే బుడగ మొత్తం తిరుగుతుంది, మెలిక పడదు. ఇది మూతి. దాని పక్కన మూడు వేళ్ళ కొలతలో ఒక బుడగ, మళ్ళీ అదే కొలతలో ఇంకోటి. ఇవి చెవులు. మూడిటినీ ఒకే దిక్కుకు తిప్పాలి. ఒకటి కుడికి, ఒకటి ఎడమకు తిప్పితే రెండోది పడే లోపు మొదటిది ఊడిపోతుంది. ఈ మూడు బుడగలూ పడే దాకా ఎడమచేయి మొదటిదాన్నీ, చిటికెన వేలు చివరిదాన్నీ వదలకూడదు. బూరకు మనసంతా తన పాత ఆకారం మీదే ఉంటుంది. చెవులు రెండిటినీ పక్కపక్కకు మడిచి, వాటి మొదళ్ళు కలిసే చోట రెండిటినీ కలిపి మూడు చుట్లు తిప్పగానే తాళం పడుతుంది. ఇక చెయ్యి వదిలేసినా ఊడదు. తల వచ్చింది. గుంటలు ఇక్కడే మొదటిసారి ఊపిరి తీసుకుంటారు.

మెడకు మూడు వేళ్ళు, ముందు కాళ్ళకు బెత్తెడు చొప్పున రెండు, మడిచి తాళం. పొట్టకు బెత్తెడు మీద ఒక వేలు, వెనక కాళ్ళకు మళ్ళీ బెత్తెడు రెండు, మడిచి తాళం. మిగిలింది తోక. మిగిలిన తోకలో గాలి కొస దాకా వచ్చేసి ఉంటే మొదట వదిలింది తక్కువైందన్నమాట. సన్నటి కొస ఇంకా జానెడు వేలాడుతుంటే ఎక్కువైందన్నమాట. కుక్క తోకను చూసి చేసినవాడి లెక్క చెప్పెయ్యొచ్చు. సరిగ్గా వస్తే నిండు తోక చివర వేలెడు సన్నటి కొస నిలబడి ఉంటుంది, నిజం కుక్క తోకకన్నా అదే ముద్దుగా ఉంటుంది.

ఈ ఒక్క వరస వస్తే జంతుశాల వచ్చినట్టే. మూతి, చెవులు, మెడ, కాళ్ళు, పొట్ట, కాళ్ళు, తోక. వరస మారదు, కొలతలే మారతాయి. చెవులు బెత్తెడున్నర చేసి, ముందు కాళ్ళు కురచ చేసి, తోకను చిన్న బుడగ చేస్తే కుందేలు. మెడను జానెడు చేస్తే జిరాఫీ. మెడా కాళ్ళూ పొడుగు చేస్తే గుర్రం. అన్నీ కురచ చేసి తోక ఒక్కటే సన్నగా మిగిల్చితే ఎలక. ఏనుగుకు మాత్రం మూతి దగ్గరే కొలత పెరుగుతుంది, తొండం కాబట్టి. ఠాకురాణి యాత్రలో బరంపురం వీధులు పులివేషాలతో నిండిపోతాయి, అందుకని అక్కడ నారింజ రంగు బూర మీద నల్ల గీతలు గీసి పులి అమ్మేవారు. గీతలకు ఆరిపోయే మార్కరే వాడాలి, నీళ్ళ స్కెచ్ పెన్ను చేతికంటుకుంటుంది, బాల్‌పెన్ను గుచ్చుకుంటుంది. మార్కరును కూడా నొక్కకుండా, ముగ్గు గీతలా జార్చాలి. కళ్ళు చివర్లో పెట్టాలి. ముందే పెడితే మెలి తిప్పేటప్పుడు ఒక కన్ను మెడ వెనక్కి పోతుంది.

చెవి మెలిక అని ఒకటుంది, చిలక పనికి అదే ప్రాణం. అంగుళం బుడగ చేసి, దాన్ని పైకి లాగి, మొదలు పట్టి దాని చుట్టూ అదే తిరిగేలా నాలుగు చుట్లు తిప్పుతారు. అది చెవిగానో బుగ్గగానో నిలబడుతుంది, బూర పోయే దిక్కును కూడా మారుస్తుంది. లాగడం ఎక్కువైతే ఫట్. యాపిలు మెలికలో ముడిని వేలితో లోపలికి తోసి, బయట నుంచి ఆ ముడిని పట్టి చుట్టి వేలు తీసెయ్యాలి. ఇక్కడ పగిలితే గోరుదే తప్పు. పూవుకు బూర రెండు కొసలూ కలిపి ముడేసి రింగు చేసి, మధ్యలో మెలి వేసి రెండు సగాలు చేసి, ఆ రెండిటినీ పక్కపక్కన పెట్టి మూడు భాగాలుగా చూసి రెండు చోట్ల కలిపి తిప్పితే ఆరు రేకులు విచ్చుకుంటాయి. కాడకు ఆకుపచ్చ బూర, దాని యాపిలు ముడి రేకుల మధ్య పుప్పొడిలా. కత్తికి పిడి వైపు బూరను రెండు మడతలు వేసి మధ్యలో ఒక్క తాళం. పావు నిమిషం పని. రథం రోజున అడిగేది ఇదే, నడిచేది ఇదే. అరగంటలో వీధంతా కురుక్షేత్రం అవుతుంది కాబట్టి గుడి మెట్ల దగ్గర కూర్చునేవాళ్ళు కత్తులు చెయ్యం అని ముందే చెప్పేసేవారు.

పగలడం గురించి వివరంగానే చెప్పాలి, ఎందుకంటే ఈ పనికి కొత్తవాళ్ళు భయపడేది దానికే. బూర చేతిలో పగలడానికి గోరు, ఉంగరం, గాజు అంచు, గరుకు గడ్డం, చెమటతో అంటుకున్న ఇసుక రేణువు, ఈ అయిదే చాలాసార్లు కారణం. బయట పగలడానికి ఎండ. నీడలో 25 డిగ్రీల దగ్గర నింపిన గాలి ఎండలో 40 డిగ్రీలకు వేడెక్కితే నూటికి 5 వంతులు ఎక్కువ చోటు అడుగుతుంది. బెత్తెడు తోకలో కొంత అలాగే పోతుంది. చైత్రం యాత్రకు చేసే కుక్కకు అందుకే తోక ఇంకో రెండు వేళ్ళు ఎక్కువ వదలాలి. నల్లవీ ముదురు నీలివీ ఎండను తాగుతాయి, ముందు అవే పోతాయి. తెలుపూ పసుపూ నిలుస్తాయి. వెలుతురు, గాలి తగిలిన బూర కాసేపటికి పెరుగు తరక కట్టినట్టు మసకేస్తుంది. అది మురికి కాదు, రబ్బరు చావు మొదలవడం. మసకేసిన బూరను మళ్ళీ మెలి తిప్పబోతే పగులుతుంది. వర్షం రోజున చిక్కు ఇంకో రకం. రబ్బరు అంటుకుని, మెలిక తిరిగేటప్పుడు కీచుమని ఆగి, ఒక్కసారిగా జారుతుంది. వేళ్ళకు చిటికెడు పౌడరు చాలు. గుప్పెడు రాస్తే తాళాలు ఊడతాయి.

నూనె మాట ప్రత్యేకం. పండగ పూట తల్లులు పిల్లల తలకు నిండా కొబ్బరినూనె పెట్టి పంపుతారు. ఆ తల మీద బూర టోపీ పెట్టి, కాస్త సేపటికి అది పగిలితే ఏడుపు చేసినవాడి మీదకు వస్తుంది. నూనె తగిలిన చోట రబ్బరు ఉబ్బి మెత్తబడి సన్నబడుతుంది. టోపీ కొలిచేటప్పుడు తలకు కాస్త వదులుగా కొలవాలి, బిగువుగా కొలిస్తే నూనె రాపిడీ బిగువూ రెండూ కలుస్తాయి. కమలా తొక్క ఇంకా దారుణం. వలిచేటప్పుడు చిమ్మే రసంలో ఉన్న తైలం రబ్బరును కరిగిస్తుంది. తొక్కను బూర పక్కన పెట్టి చిటుక్కున మడిస్తే చాలు, అది ముట్టుకోకుండానే ఠప్. శీతాకాలం జాతరల్లో పెద్ద గుంటలకు ఈ రహస్యం తెలిశాక బూరల వాళ్ళు కమలాపళ్ళ బండికి ఆమడ దూరంలో నిలబడేవారు.

చెయ్యడం సగమే. మిగతా సగం పిల్ల నిలబడే ఆ రెండు నిమిషాలు. "ఏం కావాలి బాబూ?" అని అడిగినవాడు మునుగుతాడు. ఆ ప్రశ్నకు పిల్లలు ఆలోచిస్తారు, అమ్మను అడుగుతారు, చెల్లెలు చేతిలోది చూస్తారు, చివరికి హెలికాప్టరు అంటారు. నాలుగు బొమ్మలు చేసి తీగకు వేలాడదీసి "కుక్కా కుందేలా?" అని రెండే చూపించాలి. పర్లాకిమిడిలో రెండు భాషలూ నోట్లో ఉండాలి. "గోటె కుకుర దియ" అని ఒకడు, "బూరల మావా, నాకు కుందేలు" అని ఇంకొకడు, ఠేకువా అంటే కుందేలేనని రెండిటి మధ్య తగువు తీర్చే చిన్నక్క ఒకతె. చేస్తూ చేస్తూ మాట్లాడాలి, మొదటి రెండు బుడగలు పడ్డాక "ఇదేటి?" అని అడగాలి. పాము, సాసేజి, కర్ర, ఏదో ఒకటి చెప్తారు. చెవులకు తాళం పడగానే ఒక్క అరుపు. బొమ్మ కన్నా ఆ అరుపు కోసమే మిగతా పిల్లలు వరసలో నిలబడతారు. బొమ్మకు రెండు నిమిషాలు పడితే గంటకు ముప్పై. యాభై మంది పిల్లలున్న పుట్టినరోజుకు గంట చాలదు, ఒప్పుకునేటప్పుడే చెప్పాలి. చెప్పకపోతే కేకు కోసేసరికి ఇరవైమంది ముఖాలు ముడుచుకుని నిలబడతారు. బూరలు మనిషికి రెండు లెక్కన, పైన అయిదో వంతు అదనంగా. వరసలో చివరివాడి చేతికి ఒక రిబ్బను ఇచ్చి "నీ తరవాత ఎవరైనా వస్తే నువ్వే చెప్పాలి" అంటే చాలు, ఆ గుంటడి కాపలాను పోలీసులు కూడా దాటలేరు.

పగిలిన చప్పుడుకు బెదిరే పిల్లలుంటారు. వాళ్ళ దగ్గర మెలికలు వాళ్ళ ముఖానికి దూరంగా, మన పొట్ట దగ్గర తిప్పాలి. ముందే నవ్వుతూ "ఇది తిట్టుకుంటుంది చూడు, కీచుమంటుంది" అని చెప్తే కీచు చప్పుడు భయం కాకుండా ఆట అవుతుంది.

నవ్వులాట కాని విషయం ఒకటి ఉంది. పగిలిన రబ్బరు ముక్క పసిపిల్ల నోట్లోకి పోతే గొంతుకు అతుక్కుని ఊపిరి ఆపేస్తుంది. ఊదని బూరదీ అదే ప్రమాదం. 1994లో అమెరికాలో బూర పాకెట్ల మీద ఎనిమిదేళ్ళ లోపు పిల్లలకు ఊపిరాడకపోయే ప్రమాదం ఉందని అచ్చు వెయ్యడం చట్టమైంది. మన పాత బూరలవాళ్ళు ఏ చట్టమూ చదవలేదు గానీ, పగిలిన ప్రతిసారీ ముందు వంగి ముక్కలేరేవారు, తరవాతే కొత్తది ఊదేవారు. పసిపిల్లకు బూర తల్లి చేతికే ఇచ్చేవారు. ముక్కలు వదిలేస్తే రథం వీధిలో ఆవులూ మేకలూ తింటాయన్నది వాళ్ళ రెండో లెక్క. రబ్బరు పడక చేతులు దద్దుర్లెక్కే పిల్లలు కూడా ఉంటారు, వాళ్ళకు బూర ఇవ్వకుండా కాగితం పూవు ఇవ్వడమే మేలు.

గాలిలో తేలే గ్యాసు బూరల సంగతి ఒక్క మాటలో చెప్పాలంటే, తేలికగా దొరికే గ్యాసు హైడ్రోజనే అయితే అది ఆట వస్తువు కాదు. గాలిలో నూటికి 4 నుంచి 75 వంతుల దాకా ఎంత కలిసినా నిప్పు తగిలితే భగ్గుమంటుంది. గ్యాసు ఇంట్లో తయారు చేసుకునే సిలిండరు పక్కన నిలబడకూడదు. హీలియం మండదు, కానీ ఖరీదు. మెలికల పనికి రెండూ అక్కర్లేదు. సన్నబూరలో హీలియం పోసినా అది మోయగల బరువు తక్కువే.

బాహుడా రాత్రి రథం తిరిగి వచ్చి నిలిచాక వీధి ఖాళీ అయ్యేది. గెడ మీద అమ్ముడుపోనివి నాలుగైదు మిగిలేవి. వాటిని సూదితో పగలగొట్టరు, నిద్రపోతున్న పిల్లలు లేస్తారు. ముడి పక్కనే రబ్బరు సాగకుండా దళసరిగా ఉండే చిన్న చోటు ఉంటుంది. ఆ చోటును రెండు వేళ్ళ మధ్య పట్టి, చిన్న కత్తెరతో కొంచెం గాటు పెడితే చప్పుడు ఉండదు, గాలి ఉస్సుమంటూ నెమ్మదిగా దిగిపోతుంది. తాళాలు ఒక్కొక్కటే విడిపోయి, కాళ్ళు పొట్టలోకీ, చెవులు మెడలోకీ కలిసిపోతూ, కుక్క మళ్ళీ ఒక ముడతల పేలిక అయ్యేది. దాన్ని చుట్టి జేబులో వేసుకుని, పంపుకు గుడ్డ చుట్టి, సంచి మూతి బిగించేవాడు. తెల్లవారుజామున రైలు.